సైకిల్ మీద పద్నాలుగు దుప్పులు

బచేలి నుంచి ఆవపల్లి అవతలి అడవి ఊరిదాకా ముయా అనే మనిషి ఒంటిచేత్తో నూరు దుప్పుల మందను తీసుకుపోయాడు. కొంత దూరం బస్సులో, కొంత దూరం సైకిల్ వెనక కట్టుకుని. దారిలో ఒక్క దుప్పీ అరవలేదు, గడ్డి అడగలేదు, బస్సులో ఒక్క పెంటిక వేయలేదు.

నూరు అన్నది కాస్త ఎక్కువే. పద్నాలుగు. దుప్పులు అన్న మాట కూడా, సిస్టర్ల బడి చర్చిలో పాపాల ఒప్పుకోలుకి మోకరిల్లి చెప్పాల్సి వస్తే, పూర్తి నిజం కాదు. అవి అప్పటికింకా పుట్టలేదు. పుట్టాల్సినవి. పద్నాలుగూ ఆడపిల్లలే. కానీ బస్సు నిజం, సైకిల్ నిజం, ముయా నిజం. వాటిలో దేన్నీ తగ్గించేది లేదు.

ముయాకి యాభై దాటి ఉంటాయి. ఆధార్ కార్డులో జనవరి ఒకటో తారీఖున పుట్టాడని ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అందరూ ఆ రోజే పుట్టారు కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పుట్టింది దోర్లా తెగలో. ఇంట్లో దోర్లి, బజార్లో హిందీ, బచేలి గని క్వార్టర్స్ వాళ్లతో తెలుగు మాట్లాడతాడు. దుప్పులతో మాట్లాడేటప్పుడు ఈ మూడూ పక్కనపెట్టి నాలుకను అంగిలికి కొట్టి చప్పుడు చేస్తాడు. ఆయన మాటల్లో వాటికి బాగా అర్థమయ్యేది అదే.

బచేలిలో కొండ కింద దుప్పుల్ని పెంచే కేంద్రం కట్టినప్పుడు కంచె గుంతలు తవ్వే కూలీగా వచ్చాడు. గుంతలు అయిపోయాక మిగతా కూలీలు వెళ్లిపోయారు, ముయా వెళ్లలేదు. కారణం పటేల్.

పటేల్ బారాసింగా మగదుప్పి. ఒక్కో కొమ్ముకి ఆరేసి మొనలు, మెడకింద ముదురు జూలు. ఒకప్పుడు బస్తర్ గడ్డిమైదానాల్లో మందలు మందలుగా తిరిగిన జాతి, ముయా తాత వేటకి పోయే రోజుల్లోనే చూపుకి కరువైంది. దూరపు అడవి నుంచి లారీలో దించినప్పుడు వయసులో ఉన్న ఆ మగదుప్పి తలుపు తీసినా వెంటనే దిగలేదు. అందరినీ ఒకసారి తేరిపార చూసి, తీరిగ్గా దిగి, ఎవరితోనూ పనిలేనట్టు పక్కకి వెళ్లి నిలబడింది. "అచ్చం మా ఊరి పటేలే" అన్నాడు ముయా. ఆ పేరే రిజిస్టర్‌కెక్కింది.

పదేళ్లు ఆ పటేల్ ముయా అరచేతిలోని ఇప్పపువ్వు తింది. ఏటా కొమ్ములు రాల్చినప్పుడు వాటిని వెతికి తెచ్చేది ముయాయే. ఎండాకాలం బురదగుంట ఎండిపోతే కుండలతో నీళ్లు మోసి మళ్లీ బురద చేసిపెట్టేదీ ముయాయే. "దుప్పికి బురద కలుపుతున్న మనిషిని భూమ్మీద నిన్నే చూశానురా నాయనా" అనేవాడు జీపు డ్రైవర్ గవర్రాజు. ఆయనది నర్సీపట్నం వైపు, నోరు కాస్త పెద్దది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ కేంద్రంలో ఉన్న ఐదు ఆడదుప్పులకీ వరసగా మగపిల్లలే పుట్టాయి. నాలుగేళ్లలో ఏడు పిల్లలు, అందులో ఆరు మగవి. ఉన్న ఒక్క ఆడపిల్లా వానాకాలం జబ్బుచేసి పోయింది. మగవి పెరిగి, తండ్రితో కొమ్ములు కలిపి, కంచెలు విరగ్గొట్టి, ఒక్కొక్కటిగా వేరే అడవులకి లారీలెక్కాయి. కొడుకుల్ని ఉంచుకున్నా లాభం లేదు, వాటిని తల్లులకి జతకట్టలేరు కదా. ఆడదుప్పులు ముసలివవుతున్నాయి. అందరికంటే పెద్దది బుదరి. దానికి పళ్లు అరిగిపోతున్నాయి. ఇంకో రెండు మూడేళ్లలో ఆడపిల్లలు పుట్టకపోతే ఆ మంద కథ అక్కడితో సరి.

అప్పుడు వచ్చింది డాక్టర్ సుధారాణి. కిరందుల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ల నాన్న గనిలో పనిచేసి రిటైరై విజయనగరం వెళ్లిపోయాడు. ముయాని మొదటిరోజు నుంచీ బాబాయ్ అని పిలిచింది. ముయాకి ఆ పిలుపు కొత్త. అంతకుముందు వచ్చిన డాక్టర్లు "ఏయ్" అనేవాళ్లు.

"పటేల్ వీర్యం తీసి నగరానికి పంపుదాం బాబాయ్" అంది ఆవిడ. "అక్కడో యంత్రం ఉంది. ఆడపిల్లని తెచ్చే కణాల్ని, మగపిల్లాణ్ణి తెచ్చే కణాల్ని విడదీస్తుంది."

"చేత్తో ఏరినట్టా?"

"ఇంచుమించు అంతే. ఆడది తెచ్చే కణంలో లోపలి సరుకు నూటికి నాలుగు పాళ్లు ఎక్కువుంటుంది. రంగు పట్టించి, సన్నటి ధారగా వెలుగు ముందు నుంచి పంపిస్తే అది కాస్త ఎక్కువ మెరుస్తుంది. ఆ మెరుపు చూసి యంత్రం దాన్ని ఒక పక్కకి, మిగతాదాన్ని ఇంకో పక్కకి తోస్తుంది."

"ఆడోళ్ల మీద బరువెక్కువని కనిపెట్టనీకి యంత్రమెందుకమ్మా, మా ఊరొచ్చి చూస్తే సరిపోయేది. కట్టెలు వాళ్లే, నీళ్లు వాళ్లే, ఇప్పపువ్వు గంపలు వాళ్లే."

డాక్టరమ్మ ఎంత నవ్విందంటే బుదరి గడ్డి నమలడం ఆపి చూసింది.

చలికాలం నడిమధ్యలో, దుప్పులు ఎదకొచ్చే రోజుల్లో, పటేల్‌కి మత్తిచ్చి వీర్యం తీశారు. నగరానికి వెళ్లి, వడపోతలన్నీ అయి, గడ్డకట్టి, తిరిగి వచ్చేసరికి పదహారు స్ట్రాలు మిగిలాయి. స్ట్రా అంటే వేలెడు పొడుగు, అగరుబత్తి లావు గొట్టం. వాటిని మూడు లీటర్ల క్యాన్‌లో పెట్టారు. క్యాన్ చూడ్డానికి పొట్ట పెద్ద, మెడ సన్న పాలబిందెలా ఉంటుంది. లోపల నైట్రోజన్ ద్రవం, సున్నాకి కింద నూట తొంభై ఆరు డిగ్రీల చలి. స్ట్రాలున్న చిన్న గిన్నెకి పొడుగాటి కాడ. ఆ కాడ కొన క్యాన్ మెడకి తగిలించి ఉంటుంది.

ఒక స్ట్రాని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి డాక్టరమ్మ మైక్రోస్కోప్ కింద పెట్టింది. ముయాని పిలిచి చూడమంది. ఆయన ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, చాలాసేపు కదల్లేదు.

"వానకి చెరువులో చేపపిల్లలు ఎదురెక్కినట్టున్నయి" అన్నాడు చివరికి. "ఇవన్నీ పటేల్ బిడ్డలేనా?"

"అన్నీ కూతుళ్లే. నూటికి తొంభై."

అప్పటికే కాలం మించిపోయింది. నాలుగు దుప్పులకి ఎద దాటిపోయింది. బుదరి ఒక్కదానికే ఒక స్ట్రా సూదిగా వేశారు. అది చూడి కట్టలేదు. మిగిలినవి పద్నాలుగు.

ఎండలు మొదలవుతుండగా పటేల్ పోయింది. రోగం లేదు, దెబ్బ లేదు. బురదగుంటలో పడుకుని, మళ్లీ లేవలేదు. కేంద్రం వెనకాల గొయ్యి తవ్వింది ముయా ఒక్కడే, ఇంకొకరిని పార పట్టనివ్వలేదు. ఆ వారమంతా ఆయన జేబులో ఇప్పపువ్వు అలాగే ఉండిపోయి బూజు పట్టింది.

డాక్టరమ్మ ఆయన్ని క్యాన్ దగ్గరికి తీసుకెళ్లింది. "పటేల్ పోలేదు బాబాయ్. ఇక్కడుంది. ఇది నీ పూచీ." కొలబద్ద దించి నైట్రోజన్ ఎంతుందో చూడటం నేర్పింది. గిన్నెని కాడతో కొద్దిగా ఎత్తి, మళ్లీ దించడం నేర్పింది. "ఎనిమిది అంకెలు. మెడ దగ్గరికి వచ్చిన గిన్నె ఎనిమిది లెక్కపెట్టేలోపు దిగిపోవాలి. మెడ దాటి బయటికైతే రానేకూడదు. ఒకసారి వెచ్చబడిందంటే, మళ్లీ దించినా చచ్చినట్టే. పైకి మాత్రం తేడా తెలీదు."

ఆ ఆఖరి మాట ముయాకి బాగా గుర్తుండిపోయింది.

వైశాఖం వచ్చింది. ముయా ఊళ్లో విత్తనాల పండగ. వాళ్లు విజ్జ పండుం అంటారు. అది కాకుండా ఎవరూ గింజ నేలలో వేయరు. వరి, జొన్న, సామ మాత్రమే కాదు. ఆ ఏడు ఇంట్లో పెరగాల్సింది ఏదైనా సరే, పొదిగించాల్సిన కోడిగుడ్లయినా, చూడి మేక పలుపైనా, అడ్డాకులో పెట్టుకుని మద్దిచెట్టు కింద రాయిలో ఉన్న భూమితల్లి దగ్గరికి తేవాలి. మూటలు విప్పాలి. మూసి ఉన్నదాన్ని అమ్మ చూడదు, అమ్మ చూడనిది పెరగదు.

పండగ సంగతి ఫోన్లో మాట్లాడుతూ ముయా భార్య దేవే అడిగింది. "మీ దుప్పి బిడ్డలు ఏమైనయి?"

"బుదరికి నిలవలే."

"అమ్మకి చూపిచ్చినవా?"

"అది గింజ కాదే పిచ్చిదానా. యంత్రంల ఏరింది."

"గుడ్డు గింజనా? మేక పలుపు గింజనా? అవి చూపిస్తలేమా? చూపియ్యకుండ సూదేసి, నిలవలేదని ఏడ్సుడేంది?"

ముయా ఫోన్ పెట్టేశాడు. కానీ ఆ మాట చెవిలో దూరిన చీమలా లోపలే తిరిగింది.

అదే వారం డాక్టరమ్మ నాన్నకి కంటి ఆపరేషన్ పడింది. పదిరోజులు సెలవు పెట్టి విజయనగరం రైలెక్కుతూ "బాబాయ్, క్యాన్ నీ కళ్లముందు నుంచి కదలకూడదు" అంది. ముయా సరేనన్నాడు. ముయాకి కూడా పండగకి నాలుగు రోజుల సెలవుంది. క్యాన్ కళ్లముందు ఉండాలి. కళ్లేమో పండగకి పోవాలి. కాబట్టి క్యాన్ కూడా పండగకి పోవాలి. ఇందులో తప్పెక్కడుందో ఆ పొద్దు ముయాకి కనిపించలేదు. కనిపించకుండా ఉండటానికి ఆయన కూడా కొంత కష్టపడ్డాడు.

క్యాన్‌ని గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. గీదం దాటాక కండక్టర్ సంచి వైపు చూశాడు. మూత సందులోంచి తెల్లటి ఆవిరి సన్నగా వస్తోంది.

"అరే భాయ్, ఏంది గది? సల్ఫీ కల్లా?"

"దుప్పులు."

"ఎన్ని?"

"పద్నాలుగు."

కండక్టర్ సంచిని, ముయాని, మళ్లీ సంచిని చూశాడు. "పద్నాలుగు దుప్పులకీ టికెట్ కొట్టాల్నా, ఆఫ్ టికెట్ సరిపోతదా?"

"ఇంకా పుట్టలేదు భాయ్."

"అయితే ఒళ్లో కూర్చోబెట్టుకో. పుట్టినంక లేపు, నేను దిగి పారిపోత" అని ముందుకెళ్లాడు. తర్వాత బీజాపూర్ దాకా ఆ సీటు పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆవపల్లిలో తెలిసినవాళ్ల దగ్గర సైకిల్ తీసుకుని, క్యాన్‌ని వెనక కట్టి, రాళ్లదారి వచ్చినప్పుడల్లా దిగి నడిపించుకుంటూ సాయంత్రానికి ఊరు చేరాడు. దేవే క్యాన్ చుట్టూ ఒకసారి తిరిగింది. చేత్తో తట్టింది. "పటేల్ ఇంత చిన్నగయ్యిండా" అని కళ్లు తుడుచుకుంది. ఏటా సెలవుకి వచ్చినప్పుడు ముయా చెప్పే కబుర్లన్నీ పటేల్ గురించే. ఆమె దాన్ని ఎప్పుడూ చూడలేదు.

పండగలో కొండల్నీ, వాగుల్నీ, ఇంటింటా పోయిన పెద్దల్నీ పేరుపేరునా పిలిచి భూమితల్లికి పూజచేసే పెర్మా ముయాకి మేనమామ. పేరు బిజ్జా, ఎండిన తుమ్మమొద్దులాంటి ముసలాయన. తెల్లారి ముయా ముందుగానే వెళ్లి సంగతంతా చెప్పాడు.

"మామా, ఎనిమిది అంకెల్ల కానియ్యాలె."

"ఎనిమిది అంకెలా? మీ అయ్య పేరు పిలవనీకే పది పడ్తయి. సచ్చినంక కూడ ఆయన తొందరగ పలకడు."

"మూత తీసి పెడ్త. గిన్నె లోపల్నే ఉంటది. సరిపోతదా?"

బిజ్జా మూత తీయించి, వంగి చూశాడు. తెల్లటి ఆవిరి గడ్డం మీదుగా పొర్లింది. "పొగ తప్ప ఏం కనపడ్తలే. అమ్మకి పొగ చూపిస్తవా? అల్లుడు బీడీ తాగుతుండు అనుకుంటది." గొంతు తగ్గించాడు. "సరే, మీ ఇంటిపేరొక్కటే ముందు పిలిచి ఆగుత, మిగతా పేర్లు తర్వాత. పిలవంగనె ఎత్తు, దించు. అయిపాయె."

ముయా ఆ మాట నమ్మాడు. నమ్మదగిన మాటే. చెప్పినప్పుడు బిజ్జా కూడా మనస్ఫూర్తిగానే చెప్పాడు.

ఊరంతా మద్దిచెట్టు కింద గుండ్రంగా కూర్చుంది. ఇరవయ్యారు ఇళ్లు. అందరి ముందు అడ్డాకుల మూటలు, ముయా ముందు క్యాన్. ఎండ నడినెత్తికి వస్తోంది. పెర్మా కోడిని కోసి, నేలమీద రక్తం చల్లి, కళ్లు మూశాడు. "విప్పండి" అన్నాడు. మూటలన్నీ విచ్చుకున్నాయి. ముయా కాడ పట్టుకుని గిన్నెని బయటికెత్తాడు. పద్నాలుగు స్ట్రాలు వెలుగులోకి వచ్చాయి. మంచు పట్టి తెల్లగా, లేత తుమ్మముళ్లలా ఉన్నాయి.

ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టాడు ముయా.

పెర్మా నోరు తెరిచాడు. ముయా ఇంటిపేరు రాలేదు. కొండ పేరు వచ్చింది. తర్వాత ఇంకో కొండ. తర్వాత వాగు. కళ్లు మూసుకున్న ముసలాయన్లో ఇప్పుడు మేనమామ లేడు, ఏటేటా వచ్చే వరస తప్ప ఇంకేదీ లేదు.

ఎనిమిది. ముయా చెయ్యి దిగబోయింది.

కానీ పేర్లు పిలుస్తున్నంతసేపు తెరిచినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు. ఒక్కరు తీసుకున్నా అందరి విత్తనం చెడుతుంది. ముయా చిన్నప్పుడు ఒకావిడ, పైన గద్ద తిరుగుతోందని, గుడ్లు ఒళ్లోకి లాక్కుంది. ఆ ఏడు ఊరంతా వానలు పోయేదాకా అడవి గడ్డలు తిని బతికింది. ఆవిడతో చచ్చేదాకా ఎవరూ నిప్పు పంచుకోలేదు. ముయాకి ఆ గడ్డల చేదు ఇంకా నాలుక మీదుంది.

పన్నెండు. పదిహేను. ఇరవై. ఎదురుగా దేవే జొన్నల ఆకు ముందు కూర్చుని ఉంది. పక్కన బాలింత ఒడిలో పిల్లతో ఉంది. ముందు ఇరవయ్యారు ఇళ్ల ఏడాది తిండి ఆకుల్లో పరిచి ఉంది. చేతిలో పటేల్ ఉంది. స్ట్రాల మీది మంచు కరిగి నీటిబొట్లయ్యాయి. కాడ చలికి అరచేతి చర్మం అంటుకుపోయి మండుతోంది. నలభై దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

అన్ని పేర్లూ అయ్యాక, అందరి గింజల్నీ కలిపి పెర్మా గుప్పిళ్లతో అన్నిటి మీదా చల్లాడు. ముయా గిన్నె మీద కూడా టపటపా పడ్డాయి. అప్పుడు గిన్నె దించి మూత పెట్టాడు.

"చూసింది అల్లుడా, అమ్మ బాగా చూసింది" అన్నాడు బిజ్జా, కళ్లు తెరిచి, ఎంతో సంతోషంగా. ముయా ఆయన కాళ్లకి మొక్కాడు.

బచేలి తిరిగొచ్చాక కొలబద్ద దించి చూశాడు. నైట్రోజన్ ఉంది. గిన్నెని ఎనిమిది అంకెల్లోనే ఎత్తి చూశాడు. పద్నాలుగూ ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పైకి తేడా తెలీదని ఆవిడ చెప్పనే చెప్పింది. అయినా అమ్మ చూసింది కదా అనుకున్నాడు. చలికాలం దాకా ఏడు నెలలూ ఆయన రెండు నమ్మకాల మధ్య ఊగుతూ గడిపాడు. పొద్దున మైక్రోస్కోప్ గది ఊడ్చేటప్పుడు చచ్చిపోయాయనుకునేవాడు. సాయంత్రం బుదరికి గడ్డి వేసేటప్పుడు బతికే ఉన్నాయనుకునేవాడు. డాక్టరమ్మతో చెప్పేద్దామని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి మాటలు కూర్చుకున్నాడు. రెండు భాషల్లోనూ ఆ మాటలు గేటు దాకా వచ్చి ఆగిపోయాయి.

చలికాలం వచ్చింది. ఐదు దుప్పులూ ఎదకొచ్చాయి. డాక్టరమ్మ పొద్దున్నే స్నానం చేసి, కొత్త చేతితొడుగులు వేసుకుని, మొదటి స్ట్రా కరిగించి, ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టింది. చూసింది. అద్దం తుడిచి మళ్లీ చూసింది. ఇంకో స్ట్రా తీసింది. ఇంకోటి.

"రా బాబాయ్, నువ్వు చూడు. నా కళ్లే బాలేవేమో."

ముయా చూశాడు. చేపపిల్లలు లేవు. నీళ్లు కదలడం లేదు. వాన వెలిసిన గుంటలా ఉంది.

ఆవిడ గిన్నెని పూర్తిగా బయటికి తీసి బల్లమీద బోర్లించింది. ఇక దాచుకోవడానికేం లేదు. స్ట్రాలతో పాటు ఒక జొన్నగింజ కూడా రాలి, బల్లమీద చిన్నగా దొర్లి, ఆవిడ మోచేతి దగ్గర ఆగింది.

ఆవిడ ఆ గింజని వేలితో తీసి అరచేతిలో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత ముయా అరచేతి వైపు చూసింది. దాని మీద, కాడ అంటుకున్న చోట, నిలువుగా తెల్లటి మచ్చ ఉంది. ఇన్ని నెలలూ ఆవిడ దాన్ని చూస్తూనే ఉంది, అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. గింజని కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది.

ముయా నోరు తెరిచాడు. "డాక్టరమ్మా..."

"దుప్పులకి నీళ్లు పెట్టావా బాబాయ్?"

"పెట్టిన."

"సరే."

అంతే. అప్పుడైనా చెప్పొచ్చు. ఆవిడ తలుపు మూయలేదు, ఊరికే దగ్గరికి వేసిందంతే. ముయా దాన్ని తోయలేదు. నీళ్లు పెట్టిన తొట్టిలోనే మళ్లీ నీళ్లు పోయడానికి వెళ్లాడు.

రిపోర్టులో ఆవిడ రాసింది రెండు వాక్యాలే. తను సెలవులో ఉండగా నైట్రోజన్ తగ్గి ఉంటుంది. బాధ్యత తనదే. పైవాళ్లకి ఆ రెండు వాక్యాలు చాలాయి. దుప్పుల పని ఆపేశారు, ఆవిడని దూరంగా ఎక్కడో గేదెల కేంద్రానికి బదిలీ చేశారు. ఆ రిపోర్టులో ఏముందో ముయాకి చెప్పింది గవర్రాజు. "పాపం, తండ్రి కళ్లు బాగుచేయించుకొస్తానని వెళ్లిందా, ఈవిడ ఉద్యోగానికి శుక్లం పట్టింది. క్యాన్ చూసుకోవాల్సింది నువ్వే కదా, నీ మీద ఒక్క ముక్క రాయలేదేటి?"

ముయా గడ్డిమోపు ఎత్తుకుని బుదరి దగ్గరికి నడిచాడు.

స్టేషన్‌కి సామాను మోసుకెళ్లింది ముయాయే. పొద్దుటి రైలు. పెట్టె లోపల పెట్టి కిందికి దిగాక, కిటికీలోంచి ఆవిడ అడిగింది. "ఈ ఏడు మీ ఊళ్లో పంట ఎలా ఉంది బాబాయ్?"

ఆయన ఆ రోజుకని మాటలన్నీ కూర్చిపెట్టుకునే వచ్చాడు. రైలు కూత వేసింది.

"మంచిగ పండింది డాక్టరమ్మా. ఇరవయ్యారు ఇళ్లకీ పండింది."

"పోన్లే" అంది ఆవిడ. నవ్విందో లేదో ముయాకి తెలియలేదు, ఆయన నేల చూస్తున్నాడు. కాగితం పొట్లం ఒకటి కిటికీలోంచి ఆయన చేతిలో పడింది. రైలు వెళ్లిపోయింది.

ఆ తర్వాత కూడా ముయా ప్రతి సోమవారం క్యాన్‌లో కొలబద్ద దించాడు. చచ్చిన స్ట్రాలని ఎవరూ చూడకుండా మళ్లీ గిన్నెలో సర్ది దించింది ఆయనే. జగదల్పూర్ నుంచి నైట్రోజన్ తెచ్చే గవర్రాజు రెండుసార్లు తెచ్చి, మూడోసారి గొణిగాడు. "ఉత్త క్యాన్‌కి ఎందుకోయ్ ఇది? పీనుగుకి చన్నీళ్ల స్నానమా?" ముయా "పోస్తే పొయ్యి, లేకుంటే లేదు" అన్నాడు. గవర్రాజు పోశాడు. నాలుగోసారి తీసుకురాలేదు. క్యాన్ మెల్లగా ఎండిపోయి, ఒకనాడు చేతికి మామూలు బిందెలా తగిలింది.

వాన పడ్డాక ముయా పొట్లం విప్పి, ఆ జొన్నగింజని పటేల్‌ని పాతిపెట్టిన చోట నాటాడు. ఏడు నెలలు అంత చలిలో ఉన్న గింజ. అది మొలిచింది. ఎండిన గింజకి ఆ చలి ఒక లెక్క కాదట. దాని కంకికి పటేల్ కొమ్ములకున్నట్టు పన్నెండు మొనలు వచ్చాయని చెప్పాలని ఉంది. రాలేదు. మామూలు జొన్న కంకే, పొట్టిది, సగం తాలు. పండేదాకా ముయా దానికి కూడా, బురదగుంటకి పోసినట్టే, కుండతో నీళ్లు పోశాడు. కోసే రోజు వచ్చేసరికి, ముసలి బుదరి కంచె మీదుగా మెడ చాచి, అరిగిన పళ్లతో ఆ కంకిని తీరిగ్గా నమిలేసింది. ముయా ఆపలేదు. పక్కన నిలబడి నాలుకను అంగిలికి కొట్టి ఏదో అన్నాడు. బుదరి తినడం ఆపలేదు కాబట్టి అది క్షమాపణో, మందలింపో బయటివాళ్లకి తెలిసే దారి లేదు.

ఇదంతా నేను రాసి, ముయాని కంచె దగ్గర కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తే, ఆయన బీడీ ఆరిపోయేదాకా విన్నాడు.

"అంతా అబద్ధం" అన్నాడు. "నేను ఆ ఏడు పండక్కే పోలే. క్యాన్ ఇక్కడి నుంచి కదల్లే. నాకు సైకిల్ తొక్కుడే రాదు. మా మామ పెర్మా కాదు, మా ఊర్ల జొన్న వెయ్యరు. ఈ మచ్చ రొట్టె పెనం కాలిన మచ్చ. గా డాక్టరమ్మ ఎవరో నాకు యాదికి లేదు. పటేల్ అన్న దుప్పి ఈడ ఎన్నడూ లేదు." అని లేచి, కుండ ఎత్తుకుని పటేల్ బురదగుంటకి నీళ్లు పోయడానికి పోయాడు.